ఛార్జర్ పెడితే ల్యాప్‌టాప్ ఎందుకు నెమ్మదిస్తుంది?

బ్యాటరీ మీద చకచకా పనిచేసే ల్యాప్‌టాప్, ఛార్జర్ పెట్టగానే నత్తనడక పడుతుందా? చాలాసార్లు కారణం ఆ ఛార్జరే.

65 వాట్లు కావలసిన ల్యాప్‌టాప్‌కు 25 వాట్ల ఫోన్ ఛార్జర్ పెట్టారనుకోండి. టైప్-సి పిన్ను చక్కగా పడుతుంది, కరెంటు మాత్రం చాలదు. ఆ సంగతి ల్యాప్‌టాప్‌కు ఎలా తెలుస్తుంది? వైరు గుచ్చగానే ఎంత ఇవ్వగలను, ఎంత కావాలి అని ఆ రెండూ సంకేతాలతో మాట్లాడుకుంటాయి. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది ఈ సంభాషణే! చాలదని తేలితే ప్రాసెసర్ వేగం తగ్గిపోతుంది. డెల్ ల్యాప్‌టాప్‌ల గుండ్రటి పిన్ను మధ్యలో సన్నటి సూది ఉంటుంది. కబురు మోసేది అదే. అది వంగితే సరైన ఛార్జర్‌నైనా ల్యాప్‌టాప్ గుర్తుపట్టలేదు.

వేడి కూడా కారణమే. ఛార్జ్ అవుతున్న బ్యాటరీ వేడెక్కుతుంది. పరుపు మీద పెడితే గాలి ఆడదు. ప్రాసెసర్ 100 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చేరితే, పాడవకుండా తనే మెల్లబడుతుంది.

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో సీపీయూ వేగం చూడండి. ఛార్జర్ పెట్టగానే అది 1 గిగాహెర్ట్జ్ కన్నా కిందకు పడి అక్కడే ఉండిపోతే, ముందు ఛార్జర్ మీద రాసిన వాట్లు చదవండి. అవి సరిపోతే పవర్ మోడ్ సెట్టింగ్ చూడండి.