మదనపల్లెలో నీరు ఎన్ని డిగ్రీలవద్ద మరుగును?

క్రొత్తగా విజ్ఞానశాస్త్ర బోధనకు పూనుకొను ఉపాధ్యాయునకు మొదటి సంవత్సరముననే ఒక చిక్కు ఎదురు కావచ్చును. నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగునని పాఠములో చెప్పుదురు. మదనపల్లెలో గాని, పుంగనూరులో గాని, కుప్పములో గాని ఆ ప్రయోగము చేసినచో ఉష్ణమాపకము 98 దగ్గరనే నిలిచిపోవును. నీరు తెర్లుచునే యుండును. పాదరసము మాత్రము పైకి కదలదు. తరగతి అంతయు చూచుచుండును. అప్పుడు ఉపాధ్యాయుడేమి చెప్పవలెను?

"పరికరము చెడినది, 100 అని వ్రాసికొనుడు" అన్నచో పాఠము ముగియును గాని శాస్త్రము చెడును. కంటితో చూచినదానికంటె అచ్చులోని అంకెయే ప్రమాణమని పిల్లలు నేర్చుకొందురు.

నిజమునకు తప్పు పరికరమునది కాదు, పుస్తకమునదియు కాదు. నీటి ఆవిరి పీడనము బయటి గాలి పీడనముతో సమానమైనప్పుడు నీరు మరుగును. సముద్రమట్టమున గాలి పీడనము 760 మిల్లీమీటర్ల పాదరసమునకు సమానము. 100 డిగ్రీలన్నమాట ఆ పీడనమునకే చెల్లును. ఈ మూడు ఊళ్లును పీఠభూమిపై, 700 మీటర్లకు అటునిటుగా ఉన్నవి. ఆ ఎత్తున పీడనము సుమారు 700 మిల్లీమీటర్లే. కనుక నీరు ఇంచుమించు 97.7 డిగ్రీలకే మరుగును. స్థూలముగా 300 మీటర్ల ఎత్తునకు ఒక డిగ్రీ తగ్గునని గుర్తుంచుకొనవచ్చును.

ఎత్తునకు పోయినకొలది గాలి పీడనము తగ్గునని 1648లో ఫ్రాన్సు దేశమున ఋజువైనది. పాస్కల్ కోరగా ఆయన బావ పెరియే, పాదరసపు గొట్టముతో పుయ్ ద డోమ్ కొండ నెక్కి, శిఖరమున పాదరసపు మట్టము దిగుట చూచెను.

కాబట్టి ఉపాధ్యాయుడు ముందురోజే ప్రయోగమును తాను చేసి చూచుకొనవలెను. ఉష్ణమాపకమును కరగుచున్న మంచుగడ్డల ముక్కలలో ఉంచినచో సున్న చూపవలెను. చూపనిచో ఆ తేడాను లెక్కలోనికి తీసికొనవలెను. మరిగించునపుడు దాని బుడ్డి పాత్ర అడుగును తాకరాదు. నీటికి కొంచెము పైగా ఆవిరిలో నుండుట మేలు. పాత్ర మూతిని గట్టిగా బిగింపరాదు. ఆవిరి పోవుటకు దారి యుండవలెను. తరగతిలో మొదట పిల్లలచే ఊహ చెప్పించి, తరువాత కొలిపించవలెను. నెల్లూరువంటి తీరప్రాంతపు పాఠశాలకు ఉత్తరము వ్రాయించి, అచటి అంకెతో పోల్చినచో ఆ రెండు డిగ్రీల తేడాయే ఒక పాఠమగును.

ఇట్టి పాఠములు చుట్టుపట్ల ఇంకను కలవు. పొట్టి జాతిగా పేరొందిన పుంగనూరు ఆవు అనువంశికతకు ఉదాహరణము. 1999లో నెలకొన్న అగస్త్య ఫౌండేషన్‌వారి ప్రాంగణము కుప్పము చేరువనే యున్నది; చేతులతో చేసి నేర్చుటయే అచటి పద్ధతి.

మొదటి సంవత్సరమునకు కావలసిన సిద్ధము ఇదియే: చెప్పబోవు ప్రతి ప్రయోగమును తన ఊరిలో, తన పరికరముతో ముందుగా చేసి చూచుట.