బియ్యం మూటతో బయలుదేరుదాం

సెలవులు వచ్చినవంటే పట్నంవారు ఊటీ, కొడైకెనాల్ అంటారు. మన పల్లె కుటుంబాలకు సెలవులంటే అమ్మమ్మగారి ఊరు, కాకపోతే మేనత్తగారి ఇల్లు. అందులో తప్పేమీ లేదు. కాని డోర్నకల్ అధ్యక్ష మండలంలోనే పుట్టి పెరిగి, డోర్నకల్ పెద్ద దేవాలయాన్ని ఫోటోలో తప్ప చూడని బిడ్డలు మన సంఘాలలో ఉన్నారు. ఎందుకని అడిగితే, "ఐదుగురం బయలుదేరితే హోటలు తిండికే చేతిలోది అయిపోతుందండీ" అంటారు. రైలు చార్జీకంటె తిండి ఖర్చే వారిని గడప దాటనీయడం లేదు.

ఐర్లండు దేశపు పల్లెల్లో దీనికొక దారి కనిపిస్తుంది. అక్కడి రైతులు పొలం దగ్గరి పాత రాతి ఇంటిని బాగుచేయించి, అందులో పొయ్యి, గిన్నెలు, పడకలు అమర్చి, వారానికింత అని అద్దెకిస్తారు. వచ్చిన కుటుంబం అంగట్లో సరుకులు తెచ్చుకొని తామే వండుకుంటుంది. పగటిపూట గ్లెండలాక్ వంటి చోట్లకు పోయి, ఆరవ శతాబ్దంలో కెవిన్ అనే సన్యాసి స్థాపించిన మఠం శిథిలాలను చూచి వస్తారు. వచ్చినవారికి ఖర్చు తక్కువ, రైతుకు నాలుగు డబ్బులు. మనకు మాత్రం ఇది కొత్తదా? బండ్లు కట్టుకొని జాతరలకు పోయిన మన తాతలు చెట్టుకింద మూడు రాళ్లు పెట్టి గంజులో అన్నం వండుకొన్నవారే కదా.

డోర్నకల్ నుండే మొదలుపెట్టుదాం. కాజీపేట, విజయవాడ లైనులో ఇది జంక్షను. భద్రాచలం రోడ్డుకు పోయే రైలు ఇక్కడే మళ్లుతుంది. (ఆ స్టేషను పేరు నమ్మి దిగినవారికి భద్రాచలం కనబడదు. అది ఉన్నది కొత్తగూడెంలో.) తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లలన్‌విలై అనే పల్లెలో 1874లో పుట్టిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొంది, డోర్నకల్‌కు మొదటి అధ్యక్షులైనారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన కట్టించిన ఎపిఫనీ దేవాలయం 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడింది. తూర్పుదేశపు జ్ఞానులు బాలయేసును దర్శించిన పండుగ దినమది. గుడికి కూడా ఆ పండుగ పేరే.

ఎదుట నిలబడి కాసేపు చూడండి. ఇంగ్లండులోని గుడిలాగా ఉండదు. మసీదుకుండే గుమ్మటాలు, మినార్లు ఉన్నవి. కోవెల మండపానికుండే స్తంభాలు ఉన్నవి. అన్నిటికీ పైన సిలువ ఉన్నది. దొరల గుడికి నకలు తీయించడం ఆయనకు చేతకాక కాదు. ఈ నేల మనిషి లోపలికి అడుగు పెడితే పరాయివారి ఇల్లనిపించకూడదని ఆయన తలంపు. ఏది మసీదు పోలిక, ఏది కోవెల పోలిక అని బిడ్డలనే వెదకమనండి. గంటసేపు అల్లరి ఉండదు. అజరయ్య గారు 1945 జనవరి 1న కన్నుమూశారు. ఆయన సమాధి డోర్నకల్‌లోనే ఉన్నది. ఏ సంఘ ఐక్యత కోసం ఆయన ఏళ్లతరబడి పాటుపడినారో ఆ దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. ఆయన దానిని కండ్లార చూడలేకపోయారు.

డోర్నకల్‌కు దగ్గరలోనే బయ్యారం ఉన్నది. అక్కడి పెద్ద చెరువు కాకతీయ గణపతిదేవుని తోబుట్టువు మైలమ కట్టించినది. ఆమె వేయించిన శాసనంలో కాకతీయుల వంశక్రమం ఉన్నందున చరిత్రకారులకు అది ఎంతో విలువైనది. ఒక ఆడబిడ్డ కట్టించిన చెరువు, దాని వెనుక ఒక రాజవంశపు లెక్క. ఆ కట్టమీద కూర్చొని సద్దిమూట విప్పితే ఆ పూటకు అంతకంటె ఏమి కావాలి!

ఇంకొక రెండు రోజులు వీలైతే వరంగల్ మీదుగా ములుగు జిల్లా పాలంపేటకు పోవచ్చును. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి 2021 జూలైలో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందింది. గోపురానికి వాడిన ఇటుకలు నీటిలో తేలేటంత తేలికైనవి. బరువైన రాతికట్టడానికి పునాదిలో ఇసుక నింపారు. "అది మన గుడి కాదు, మనకెందుకు?" అనేవారు మన సంఘాలలో లేకపోలేదు. పూజకు పోవడం వేరు, మన పూర్వికుల చేతిపనిని చూడడం వేరు. చెప్పులు బయట విడిచి, నెమ్మదిగా చూచి వస్తే సరిపోతుంది. తర్వాత ఒకసారి మెదకుకు కూడా పోవచ్చు. కరువు రోజులలో పనికి తిండి పెట్టి పాస్నెట్ దొరగారు కట్టించిన ఆ మహాదేవాలయం 1924 క్రిస్మసు దినాన ప్రతిష్ఠింపబడింది.

ఇక వంట సంగతి. ఇక్కడ ఒక గట్టి మాట చెప్పక తప్పదు. కిరోసిను స్టౌగాని, గ్యాసు సిలిండరుగాని రైలులో ఎక్కించవద్దు. చట్టప్రకారం నేరం సరే, ప్రాణం మాటేమిటి? 2023 ఆగస్టు 26 తెల్లవారుజామున మధురై స్టేషను దగ్గర ఆగి ఉన్న యాత్రికుల బోగీలో, దొంగచాటుగా తెచ్చిన సిలిండరు మూలంగా మంటలు లేచి తొమ్మిదిమంది చనిపోయారు. వారూ మనవలెనే ఖర్చు కలిసివస్తుందని వండుకొని తినే యాత్రకు బయలుదేరినవారే. రైలులో పూటకు సద్ది చాలును. జొన్నరొట్టెలు, సకినాలు, సర్వపిండి, చింతకాయ తొక్కు రెండు రోజులైనా పాడుకావు. పొయ్యి దిగినచోటనే వెదుక్కోవాలి. రామప్పవంటి రక్షిత కట్టడాల ఆవరణలో వండడం కుదరదు. అడవి అంచున నిప్పు రాజేయడం అసలే వద్దు. ఎండుటాకుకు ఒక్క రవ్వ చాలు.

మరొక మాట మగవారికి. ఇంట్లో మూడు పూటలా వండే తల్లి ఊరు మారినా పొయ్యి ముందే కూర్చుంటే ఆమెకు సెలవేమున్నది? పొద్దున తండ్రి అన్నం వార్చాలి, పెద్దకొడుకు గిన్నెలు తోమాలి, సాయంత్రం పచ్చిపులుసు ఎవరైనా కలపవచ్చు. బయలుదేరకముందే ఈ వంతులు తేల్చుకోండి.

బసకు ముందుగానే అక్కడి పాస్టరుగారికి ఉత్తరం వ్రాయడమో ఫోను చేయడమో మంచిది. మీ సంఘంలో తాళం వేసి ఉన్న పాత బంగళాగాని, సెలవులలో ఖాళీగా ఉండే బడి గదిగాని ఉంటే, ఐర్లండు రైతులవలె సున్నం వేయించి, ఒక పొయ్యి, నాలుగు గిన్నెలు, నీళ్ల బకెట్టు పెట్టి, కొద్దిపాటి అద్దెకు ఇచ్చే సంగతి సంఘపెద్దలు ఆలోచించండి. ఆ డబ్బుతో పైకప్పు పెంకులైనా మార్చుకోవచ్చును. డోర్నకల్‌కు జనవరిలో, ఎపిఫనీ రోజులలో పోవాలనుకొనేవారు దుప్పట్లు మరచిపోవద్దు. తెల్లవారుజామున చలి గట్టిగా ఉంటుంది.