మీకు తెలుసా? కరివేపాకు మొక్కకూ చలికాలపు నిద్ర ఉంది

అమెరికాలో న్యూజెర్సీ, షికాగో లాంటి చోట్ల ఉన్న తెలుగువారి ఇళ్లలో అక్టోబరు రాగానే ఒక తంతు మొదలవుతుంది: పెరట్లోని కరివేపాకు కుండీ ఇంట్లోకి చేరుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్‌ దగ్గరికి దిగితే ఈ మొక్క ఎదుగుదల ఆపేసి ఆకు రాలుస్తుంది. చచ్చిందనుకుని పారేసేవాళ్లూ ఉన్నారు. తొందరపాటే! కాండాన్ని గోటితో గీరినప్పుడు లోపల పచ్చగా కనిపిస్తే అది నిద్రలో ఉన్నట్టు.

అసలు చిక్కు వేళ్ల దగ్గర. చల్లటి మట్టిలో అవి నీళ్లు సరిగా పీల్చవు. రోజూ పోస్తే కుళ్లిపోతాయి. అందుకే పైమట్టి ఆరాకే నీళ్లు, అవీ గోరువెచ్చగా. కుండీ కింద ఓ చెక్క పీట వేస్తే నేల చలి తగలదు. పగలు ఎండనిచ్చే కిటికీ అద్దమే రాత్రి మంచుగడ్డలా మారుతుంది, ఆకులు దానికి ఆనకూడదు. అలాగని హీటరు పక్కన పెడితే పొడిగాలికి మాడిపోతాయి.

హీటరు లేకుండానే మొక్కల్ని కాచుకోవడం ఫ్రాన్సులో పాత విద్య. వెర్సాయ్‌ రాజప్రాసాదంలో 1684-86 మధ్య కట్టిన ఆరంజరీకి (నారింజ చెట్ల శాలకు) దక్షిణం వైపు పెద్ద కిటికీలు, మందపాటి గోడలు. చెక్క తొట్లలోని నారింజ చెట్లు ఇప్పటికీ చలికాలమంతా అక్కడే తలదాచుకుంటాయి.