మీకు తెలుసా? లేజర్‌కు లొంగని ప్లైవుడ్

ఒకే 3 మి.మీ. ప్లైవుడ్ షీటు లేజర్ కట్టర్‌లో ఒకచోట ఇట్టే తెగుతుంది, పక్కనే మొండికేస్తుంది. తప్పు మెషిన్‌దే కానక్కర్లేదు. పై పొర ఎంత నున్నగా ఉన్నా, లోపలి పొరల్లో ముడులు, జిగురు ముద్దలు దాగి ఉండొచ్చు. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్‌తో ఇంకా కష్టం: అందులోని ఫినాలిక్ జిగురు కరగదు, మాడి బొగ్గవుతుంది. కొనేముందు షీటు అంచు చూడండి. పొరల మధ్య నల్లటి గీతలుంటే వద్దనుకోవడమే మేలు. కోసేటప్పుడు గాలి ఊదితే అంచులు తక్కువ మాడతాయి.

ఈ పనికి ఎక్కువగా వాడే కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టింది మన బారామతిలో పుట్టిన సి. కుమార్ పటేల్!

చెక్క బదులు పీవీసీ షీటు మాత్రం ఎన్నడూ పెట్టకండి. దాన్నుంచి వెలువడే హైడ్రోజన్ క్లోరైడ్ ఊపిరితిత్తులకు ప్రమాదం, మెషిన్‌కు తుప్పు.