పుంటికూర మడి

గోంగూర అనిన తెలియని తెలుగువారుండరు. కాని కరీంనగరము, ఆదిలాబాదు పల్లెలలో దానిని పుంటికూర యందురు. అటులనే పావిలికూర ఇచ్చట గంగవాయిలి. 2016లో ఈ రెండు జిల్లాలు విడివడి పలు జిల్లాలైనను కూరల పేర్లు మారలేదు. వానిని కాచుకొని వచ్చినవి పెరటి మడులును, చేనిగట్లును.

ఆకుకూరలకు విశాలమైన భూమి యక్కరలేదు. బావి ప్రక్కన రెండు మడులు చాలును. చెలకనేల నీటిని త్వరగా జారవిడుచును; కావున మాగిన పశువుల యెరువు విరివిగా కలుపవలెను. నల్లరేగడి నీటిని పట్టియుంచును. వానకాలమున మడిని జానెడెత్తు కట్టనిచో వేళ్లు కుళ్లును. తోటకూర విత్తు మిక్కిలి సన్నము. ఇసుకతో కలిపి చల్లి, పైని పలుచగా మన్ను కప్పవలెను. ధనియాలను బద్దలుగా నలిపి విత్తవలెను. మెంతి, కొత్తిమీర చలిని కోరును. ఎండలు ముదిరినచో తొందరగా పూతకు వచ్చును. తోటకూర, పుంటికూర, బచ్చలి వేసవిని తాళును.

తోటకూర, పాలకూర, మెంతికూర సుమారు నెల దినములకు కోతకు వచ్చును. కోయుటయందే నేర్పున్నది. పాలకూరను వేరుతో పెరుకక, నేలకు రెండంగుళముల పైని కోసినచో మరల చిగిర్చును. పుంటికూర కొనలు గిల్లినకొలది ప్రక్కకొమ్మలు సాగును. ప్రొద్దుట చల్లనివేళ కోసిన ఆకు త్వరగా వాడదు.

విత్తకయే మొలచు కూరలు మరికొన్ని కలవు. గునుగుపూవు బతుకమ్మకు అలంకారము. దాని లేతాకు కూరయగును. తుమ్మికూరను వినాయకచవితినాడు వండుకొందురు. కలుపు తీయు స్త్రీలు ఇట్టి కూరలను ఏరి కొంగున కట్టుకొని తెచ్చెడివారు. పత్తిచేలలో కలుపుమందుల వాడుక పెరిగినకొలది ఈ మొక్కలు తరుగుచున్నవి. మందు చల్లిన చేని యాకును తినుటయు క్షేమము కాదు. ఏ మొక్క తినదగినదో చూపెడి అవ్వ పోయినచో ఆ తెలివియు ఆమెతోడనే పోవును.

1918లో కూనూరున చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో హైదరాబాదునకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, పెద్దలు దినమునకు సుమారు 100 గ్రాముల ఆకుకూర తినుట మేలని చెప్పుచున్నది. అందలి కెరోటిన్ శరీరమున విటమిన్ ఎ గా మారి కంటిచూపును కాచును. దించిన కూరపై నిమ్మరసము పిండినచో అందలి ఇనుము చక్కగా ఒంటబట్టును.

బడిలో బోరింగు నీరు వృథాగా పారుచోట ఒక మడి కట్టుట కష్టము కాదు. పుంటికూర ప్రక్కన గునుగును, గంగవాయిలిని పెరుగనిచ్చి, వాని పేర్లను ఇంటి పెద్దలనడిగి వ్రాసి తెమ్మని ఉపాధ్యాయులు చెప్పవచ్చును. ఆ మడిలో వృక్షశాస్త్రమును తెలుగును కలిసి మొలచును.