విదేశ ఋణము: వడ్డీ కాక తక్కిన వెల

ఎనుమాముల మార్కెట్టుకు పత్తి, మిరప తెచ్చిన రైతులు మమ్ము తరచు నొక ప్రశ్న అడుగుచుందురు: “ప్రపంచ బ్యాంకు సర్కారుకు తక్కువ వడ్డీకే ఇచ్చునట గదా, నష్టమేమి?” వడ్డీ తక్కువయే. కాని అప్పునకు వెల వడ్డీ యొక్కటియే కాదు.

సంఘమున పంటఋణము తీసికొన్నవారికి ఇది క్రొత్త గాదు. ఎరువులకని తెచ్చిన పైకము పెండ్లికి వాడరాదు. సర్కారు అప్పునకును అట్టి షరతులే యుండును. అవి కొన్నిచోట్ల చట్టముల వరకు పోవును.

ఉమ్మడి ఆంధ్రప్రదేశమున విద్యుత్ బోర్డు నష్టములలో నుండెను. దొంగ కనెక్షన్లును కలవు, దాచుటెందుకు? 1998లో శాసనసభ విద్యుత్ సంస్కరణల చట్టము చేసెను. 1999 ఫిబ్రవరి 1న బోర్డు విడిపోయి ఉత్పత్తికి ఒకటి, సరఫరాకు ఒకటి సంస్థలేర్పడెను. అదే నెలలో ప్రపంచ బ్యాంకు 21 కోట్ల డాలర్ల ఋణమును మంజూరు చేసెను. వరుస గమనింపుడు: ముందు మార్పు, పిదప పైకము. ఛార్జీలను ఖర్చునకు దగ్గరగా తెచ్చుటయు ఆ కార్యక్రమములోనిదే. 2000లో ఛార్జీలు పెరిగెను. ఆ యేడు ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగులో నిరసనకారులపై పోలీసులు కాల్పులు జరుపగా ముగ్గురు మరణించిరి. బావులును బోర్లును నమ్మి సేద్యము చేయు మన ప్రాంతమున ఆ దినము మరచినవారు తక్కువ. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చెను. తెచ్చిన అప్పు తీర్చు బాధ్యత మాత్రము తీరలేదు.

ఇక మారకపు లెక్క. 1999లో డాలరు సుమారు 43 రూపాయలు. 2022లో 80 దాటెను. నాడు వంద డాలర్లు తెచ్చి 4,300 రూపాయలు వాడుకొనగా, అందులో 2022 వరకు మిగిలిన ప్రతి డాలరుకును దాదాపు రెట్టింపు రూపాయలు కావలెను. వడ్డీ దీనికి వేరు. పూర్వము ఈ భారము కేంద్రము వహించి, రాష్ట్రమునకు రూపాయలలోనే, హెచ్చు వడ్డీకి ఇచ్చెడిది. పండ్రెండవ ఆర్థిక సంఘము సిఫారసు మీద 2005 నుండి క్రొత్త ఋణములకు డాలరు హెచ్చుతగ్గులు సాధారణముగా రాష్ట్రములపైననే పడుచున్నవి. ఈ సంగతి పథకమునకు శంకుస్థాపన చేయునాడు ఎవరును చెప్పరు.

మంజూరై వాడుకొనని మొత్తముపై రుసుము చెల్లించు పద్ధతియు కలదు. పనులు జాగైనచో అది వృథా ఖర్చే.

ప్రపంచ బ్యాంకు ఒప్పంద పత్రములు బహిరంగముగనే లభించును, కాని ఇంగ్లీషున. ఏ పథకమునకైనను అట్టి ఋణము వచ్చినదని వినిన సభ్యులు పథకము పేరు వ్రాసికొని సంఘ కార్యాలయమునకు రండు. పత్రము తెప్పించి, షరతుల భాగము తెలుగున చదివి చెప్పెదము.