క్రైస్తవ శాఖాంతర వివాహం

క్రైస్తవ మతంలోని రెండు వేర్వేరు శాఖలకు చెందిన స్త్రీ పురుషుల మధ్య జరిగే వివాహాన్ని క్రైస్తవ శాఖాంతర వివాహం అంటారు. రోమన్ కథోలిక సంఘపు ధర్మశాస్త్రంలో దీనికి "మిశ్రమ వివాహం" అని పేరు. ఇతర మతస్థుల కంటికి ఇది ఒకే మతంలోని పెళ్ళిగానే కనిపిస్తుంది. కాని పెళ్ళి ఏ గుడిలో జరగాలి, ఎవరు జరిపించాలి, పుట్టిన బిడ్డకు బాప్తిస్మం ఎప్పుడు ఇప్పించాలి, ఆదివారం నాడు భార్యాభర్తలు ఒకే ప్రభు బల్ల వద్దకు వెళ్ళవచ్చునా అనే ప్రశ్నలు వెంటనే ఎదురవుతాయి. వీటిలో ఏ ఒక్కటీ కేవలం ఆచారానికి సంబంధించినది కాదు. ప్రతి ప్రశ్న వెనుక శతాబ్దాల నాటి సిద్ధాంత వివాదం ఒకటి ఉన్నది. అందుచేత క్రైస్తవ శాఖల మధ్య భేదాలేమిటో తెలుసుకొనడానికి మతగ్రంథాల కంటె ఇటువంటి దంపతుల ఇల్లే ఒక్కొక్కప్పుడు మంచి ఉదాహరణ.

== ఇద్దరికీ సమానమైన విశ్వాసాలు ==

భార్యాభర్తలు ఏ ప్రధాన శాఖకు చెందినవారైనా మూల విశ్వాసాలలో తేడా ఉండదు. దేవుడు ఒక్కడే అనీ, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే త్రిత్వంగా ఉన్నాడనీ, యేసుక్రీస్తు సంపూర్ణ దైవమూ సంపూర్ణ మానవుడూ అనీ, మానవుల పాపాల నిమిత్తం సిలువపై మరణించి మూడవ దినాన లేచాడనీ, మరల రానున్నాడనీ ఇద్దరూ నమ్ముతారు. ఈ విశ్వాసాలకు నిర్దిష్ట రూపం ఇచ్చినవి 325లో నైసియాలోను, 381లో కాన్‌స్టాంటినోపుల్‌లోను జరిగిన మహాసభలు. క్రీస్తు దైవ మానవ స్వభావాలను 451 నాటి కాల్సిడన్ సభ నిర్వచించింది. ఈ నిర్వచనాన్ని ఆర్మేనియా, ఈజిప్టు, సిరియా ప్రాంతాల సంఘాలు కొన్ని అంగీకరించలేదు. కథోలికులు, ఆర్థడాక్సులు, లూథరన్లు, ఆంగ్లికన్లు నైసియా విశ్వాస ప్రమాణాన్ని ఆరాధనలో పలుకుతారు. బాప్టిస్టులు, బ్రదరన్ సంఘాలవారు సాధారణంగా దానిని పలకరు, అయినా అందులోని విషయంతో వారికి పేచీ లేదు. త్రిత్వాన్ని అంగీకరించని యెహోవా సాక్షుల వంటివారి సంగతి వేరు. వారిని ఇతర శాఖలు తమలో లెక్కించవు.

క్రీస్తు నేర్పిన ప్రార్థన కూడా ఇద్దరిదీ ఒకటే. తెలుగు కథోలికులు దానిని పరలోక జపం అంటే ఇతరులు పరలోక ప్రార్థన అంటారు. కథోలికులు కీడు నుండి రక్షించమనే విన్నపంతో ముగిస్తారు. ప్రొటెస్టెంట్లు దేవుని రాజ్యాన్నీ శక్తినీ మహిమనూ ప్రస్తుతించే ఒక వాక్యం చేర్చి ముగిస్తారు. కథోలిక పూజలో ఆ వాక్యం లేకపోలేదు, కొంచెం ఆగి వస్తుంది. ఇంట్లో కలసి ప్రార్థించే కొత్త దంపతులలో ఒకరు ముందుగా ఆగిపోవడానికి కారణం ఇదే.

== భేదాలకు మూలం ==

తూర్పు, పశ్చిమ సంఘాలు విడిపోవడానికి 1054 సంవత్సరాన్ని గుర్తుగా చెబుతారు. తెలుగువారికి పరిచయమైన భేదాలలో చాలా వరకు మాత్రం 1517లో మార్టిన్ లూథర్ విట్టెన్‌బర్గ్‌లో ప్రకటించిన 95 వాదాంశాల తరువాత ఏర్పడినవే. ఆనాటి ముఖ్యమైన ప్రశ్నలు రెండు. మనిషి దేవుని ఎదుట నీతిమంతుడుగా ఎంచబడేది విశ్వాసం చేత మాత్రమేనా? మత విషయాలలో తుది ప్రమాణం బైబిలు ఒక్కటేనా, లేక సంఘ సంప్రదాయానికీ పోపు బోధనాధికారానికీ కూడా అందులో స్థానం ఉన్నదా?

మొదటి ప్రశ్నకు లూథర్ పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికను ఆధారం చేసుకొన్నాడు. ఎదుటి పక్షంవారు క్రియలు లేని విశ్వాసాన్ని గురించి యాకోబు పత్రిక చెప్పినదానిని చూపారు. 1545 నుండి 1563 వరకు సాగిన ట్రెంట్ మహాసభ లూథర్ వాదాన్ని ఖండించింది. దాదాపు నాలుగున్నర శతాబ్దాల తరువాత, 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కథోలిక సంఘమూ లూథరన్ ప్రపంచ సమాఖ్యా ఒక ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. రక్షణ దేవుని కృప వలననే కలుగుతుందనీ, ఈ విషయంలో పాత ఖండనలు నేటి బోధనకు వర్తించవనీ దాని సారాంశం. 2006లో మెథడిస్టులు కూడా దీనిలో చేరారు. ఈ సంగతి సామాన్య విశ్వాసులకు తెలిసింది తక్కువ. పెళ్ళి మాటల సమయంలో "వారు క్రియలను నమ్ముకొన్నవారు", "వీరు ఏమి చేసినా రక్షణ ఉన్నదనేవారు" అన్న పాత నిందలు నేటికీ వినిపిస్తూ ఉంటాయి.

రెండవ ప్రశ్న ఇంకా తేలలేదు. బైబిలులోని పుస్తకాల సంఖ్యలోనే తేడా ఉన్నది. ప్రొటెస్టెంట్ల బైబిలులో 66 పుస్తకాలు ఉండగా తోబీతు, యూదితు, మక్కబీయుల గ్రంథాలు మొదలైనవి చేరి కథోలికుల బైబిలులో 73 ఉన్నాయి. పది ఆజ్ఞల లెక్కింపులో మాత్రం లూథరన్లు ఆశ్చర్యంగా కథోలికులతోనే ఉన్నారు. ఆంగ్లికన్లు, బాప్టిస్టులు విగ్రహాలకు సంబంధించిన ఆజ్ఞను రెండవదిగా విడదీసి లెక్కిస్తారు.

== బాప్తిస్మం ==

దంపతుల మధ్య ఎక్కువ బాధకు కారణమయ్యే భేదం ఇది. కథోలికులు (వీరి వాడుకలో జ్ఞానస్నానం), ఆర్థడాక్సులు, లూథరన్లు, ఆంగ్లికన్లు, మెథడిస్టులు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇస్తారు. అది దేవుడు ఇచ్చే వరం గనుక శిశువు కూడా పొందవచ్చునని వీరి వాదం. 1525లో జూరిచ్ నగరంలో కొందరు దీనిని కాదని, స్వయంగా విశ్వసించినవారికే బాప్తిస్మం తగునని చెప్పి తిరిగి బాప్తిస్మం పొందారు. ప్రత్యర్థులు వారిని పునర్‌బాప్తిస్మవాదులు అని పిలిచారు. తరువాతి శతాబ్దపు బాప్టిస్టులు, 19వ శతాబ్దపు బ్రదరన్ సంఘాలు, 20వ శతాబ్దపు పెంతెకొస్తు సంఘాలు కూడా విశ్వాసుల బాప్తిస్మాన్నే, అందులోనూ నీటిలో పూర్తిగా ముంచడాన్నే పాటిస్తాయి.

తెలుగుదేశంలో ఈ పద్ధతికి ప్రసిద్ధమైన ఉదాహరణ 1878 జూలై 3న జరిగినది. మహా కరువు తరువాత అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో, ఒంగోలు సమీపాన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో దిగారు. యెరూషలేములో మూడువేల మందిని ఒక్క రోజులో ముంచడం సాధ్యం కాదన్నవారికి బాప్టిస్టులు ఈ సంఘటనను సమాధానంగా చూపేవారు.

లూథరన్ కుటుంబపు యువతి బాప్టిస్టు యువకుని పెళ్ళాడినప్పుడు అతని సంఘం ఆమెను సభ్యురాలిగా చేర్చుకొనడానికి నీటి బాప్తిస్మం పొందమని అడగవచ్చు. బాప్టిస్టుల దృష్టిలో ఇది రెండవ బాప్తిస్మం కాదు, ఆమె పొందే మొదటి బాప్తిస్మం. ఆమె దృష్టిలో మాత్రం దానికి ఒప్పుకొనడమంటే, తనను ఎత్తుకొని గుడికి తీసుకొనివెళ్ళిన తల్లిదండ్రుల విశ్వాసం చెల్లదని చెప్పడమే. నైసియా ప్రమాణం ఒక్క బాప్తిస్మాన్నే ఒప్పుకొంటుంది గనుక లూథరన్ సంఘం కూడా దానిని సమ్మతించదు. ఇరువైపులా మంకుపట్టు అనడం సరికాదు; ఎవరి సిద్ధాంతం ప్రకారం వారు తర్కబద్ధంగానే ఉన్నారు. బిడ్డ పుట్టినప్పుడు ఇదే సమస్య తిరిగి వస్తుంది. కొందరు దంపతులు శిశువును గుడిలో ప్రతిష్ఠ ప్రార్థనతో సరిపెట్టి, బాప్తిస్మాన్ని బిడ్డ పెద్దయిన తరువాతకు వదలుతారు.

కథోలిక సంఘం ఈ విషయంలో కొంత ఉదారం. నీటితో, త్రిత్వ నామంలో ఇచ్చిన బాప్తిస్మం ఏ శాఖది అయినా చెల్లుతుందని అంగీకరిస్తుంది. యేసు నామంలో మాత్రమే బాప్తిస్మం ఇచ్చే పెంతెకొస్తు వర్గాలకు ఇది వర్తించదు. బాప్తిస్మమే పాటించని సాల్వేషన్ ఆర్మీ వారిని పెళ్ళాడే కథోలికులకు అన్యమతస్థులను పెళ్ళాడేవారికి వర్తించే నియమాలే వర్తిస్తాయి.

== ప్రభు భోజనం ==

1529లో మార్బర్గ్ నగరంలో లూథర్, స్విట్జర్లాండు సంస్కర్త జ్వింగ్లీ సమావేశమై దాదాపు అన్ని విషయాలలోను ఏకీభవించి ఈ ఒక్కదాని వద్ద విడిపోయారు. రొట్టె క్రీస్తు శరీరాన్ని గుర్తుచేసే చిహ్నమని జ్వింగ్లీ అభిప్రాయం. క్రీస్తు శరీరం నిజంగానే అక్కడ ఉన్నదని లూథర్ పట్టుపట్టాడు. కథోలిక బోధ ప్రకారం రొట్టె, ద్రాక్షారసాల ఆకారం మాత్రమే మిగిలి, వాటి సారం క్రీస్తు శరీర రక్తాలుగా మారిపోతుంది. అందుచేతనే మిగిలిన దివ్యసత్ప్రసాదాన్ని మందసంలో భద్రపరచి ఆరాధిస్తారు. బాప్టిస్టులు, బ్రదరన్ సంఘాలు జ్వింగ్లీకి దగ్గరగా ఉంటారు. బ్రదరన్ సంఘాలలో రొట్టె విరవడం ప్రతి ఆదివారం జరుగుతుంది.

దీని ఫలితం దంపతులకు ప్రతివారం అనుభవమే. కథోలిక పూజలో ప్రొటెస్టెంటు భర్త లేక భార్య పాల్గొనవచ్చును గాని, మరణాపాయం వంటి కొన్ని సందర్భాలలో తప్ప సత్ప్రసాదం స్వీకరించరాదు. కథోలికులు కూడా ప్రొటెస్టెంట్ల బల్లలో పాలుపొందరాదని ఆ సంఘం నియమం. ఒకే బెంచీపై కూర్చున్నవారిలో ఒకరు లేచి వెళ్ళడం, ఒకరు ఉండిపోవడం ఈ దంపతులలో చాలామంది చెప్పే కష్టం.

మరియమాతను, పునీతులను వేడుకొనడం, జపమాల, ఉత్తరించు స్థలం కథోలిక విశ్వాసాలు. ప్రొటెస్టెంట్లు వీటిని అంగీకరించరు. అయితే తెలుగునాట నవంబరు 2 నాటి సమాధుల పండుగకు అనేక ఊళ్ళలో ఇరుపక్షాలవారూ సమాధులను శుభ్రం చేసి కొవ్వొత్తులు వెలిగిస్తారు. సిద్ధాంతం కాదన్నదాన్ని బంధుప్రేమ కానిచ్చింది. కొందరు పాస్టర్లు దీనిని ఖండిస్తూనే ఉంటారు. శనివారాన్ని విశ్రాంతి దినంగా పాటించే సెవెంత్ డే అడ్వెంటిస్టులతో సంబంధం కలుపుకొన్న ఇంట్లో ఆరాధన రోజే వేరవుతుంది.

== వివాహంపై సంఘ నియమాలు ==

కథోలికులు, ఆర్థడాక్సులు వివాహాన్ని ఏడు సంస్కారాలలో ఒకటిగా భావిస్తారు. ప్రొటెస్టెంట్లు బాప్తిస్మం, ప్రభు భోజనం అనే రెండింటినే సంస్కారాలుగా లెక్కించి, వివాహాన్ని దేవుడు నియమించిన పవిత్ర ఏర్పాటు అంటారు. ఈ తేడా విడాకుల వద్ద స్పష్టమవుతుంది. చాలా ప్రొటెస్టెంటు సంఘాలు కొన్ని కారణాలపై విడాకులను, పునర్వివాహాన్ని అనుమతిస్తాయి. కథోలిక సంఘం అనుమతించదు. వివాహం మొదటి నుండి చెల్లలేదని సంఘ న్యాయస్థానం ప్రకటిస్తే తప్ప మార్గం లేదు. బాప్తిస్మం పొందిన ఇద్దరు ప్రొటెస్టెంట్ల వివాహాన్ని కూడా ఆ సంఘం సంస్కారంగానే చూస్తుంది. కనుక విడాకులు పొందిన లూథరన్‌ను పెళ్ళాడదలచిన కథోలిక యువతికి ఆ పాత వివాహం అడ్డు వస్తుంది.

కథోలికుల వివాహం విచారణ గురువు, సాక్షుల ఎదుట జరిగితేనే చెల్లుతుందని 1563లో ట్రెంట్ సభ నియమించింది. 1907లో పోపు పదవ పయస్ కాలపు శాసనం దీనిని మిశ్రమ వివాహాలకు కూడా కచ్చితంగా విస్తరించింది. పిల్లలందరినీ కథోలికులుగా పెంచుతామని ఇద్దరూ మాట ఇవ్వవలసి ఉండేది. ఈ నియమం ఎంత దూరం పోగలదో 1957లో ఐర్లండులోని ఫెథర్డ్ ఆన్ సీ గ్రామంలో తెలిసింది. కథోలిక భర్త ఉన్న ఒక ప్రొటెస్టెంటు స్త్రీ తన కుమార్తెను కథోలిక బడికి పంపడానికి ఇష్టపడక పిల్లలతో ఇల్లు వదలి వెళ్ళింది. దానికి ప్రతీకారంగా ఊరిలోని ప్రొటెస్టెంట్ల దుకాణాలను కథోలికులు వెలివేశారు. తరువాత దంపతులు కలుసుకొని పిల్లలకు ఇంటివద్దనే చదువు చెప్పుకొన్నారు. 1998లో ఆ ప్రాంతపు కథోలిక బిషప్పు క్షమాపణ చెప్పాడు.

1970లో పోపు ఆరవ పౌలు ఈ నియమాలను సడలించాడు. 1983 నాటి ధర్మశాస్త్రం ప్రకారం మిశ్రమ వివాహానికి పీఠాధిపతి అనుమతి కావాలి. తన విశ్వాసాన్ని కాపాడుకొంటాననీ, పిల్లలకు కథోలిక జ్ఞానస్నానమూ పెంపకమూ ఇవ్వడానికి శక్తివంచన లేకుండా ప్రయత్నిస్తాననీ కథోలిక పక్షం మాత్రమే మాట ఇవ్వాలి. రెండవ పక్షానికి ఆ సంగతి తెలియజేస్తే చాలు. తగిన కారణం ఉంటే ప్రొటెస్టెంటు గుడిలో వివాహానికి కూడా పీఠాధిపతి మినహాయింపు ఇవ్వవచ్చు.

== తెలుగు ప్రాంతాలలో ==

తెలుగు ప్రొటెస్టెంట్లలో శాఖ చాలా వరకు జిల్లాను బట్టి ఏర్పడింది. మిషన్లు పరస్పరం పోటీ పడకుండా ప్రాంతాలను పంచుకొన్నాయి. 1842లో హేయర్ రాకతో గుంటూరు లూథరన్ క్షేత్రమైంది. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలు అమెరికన్ బాప్టిస్టులకు, కాకినాడ తీరం కెనడా బాప్టిస్టులకు, నరసాపురం పరిసరాలు బ్రదరన్ వారికి, మెదక్ వెస్లియన్ మెథడిస్టులకు, దోర్నకల్ ఆంగ్లికన్లకు చెందాయి. కాబట్టి గుంటూరు అమ్మాయిని ఒంగోలుకు ఇవ్వడమే శాఖాంతర వివాహం అయ్యేది. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటీరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలసి 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘంగా (సి.ఎస్.ఐ.) ఏర్పడడంతో ఈ భేదాలలో కొన్ని తొలగిపోయాయి. లూథరన్లు, బాప్టిస్టులు అందులో చేరలేదు.

సంబంధాలు చూసేటప్పుడు శాఖ కంటె కులాన్ని, బంధుత్వాన్ని ముందు చూడడం అనేక తెలుగు క్రైస్తవ కుటుంబాలలో కనిపిస్తుంది. క్రీస్తునందు భేదం లేదని బోధించే మతానికి ఇది తలవంపే. అయితే శాఖాంతర వివాహాలు సులభం కావడానికి ఒక కారణం కూడా ఇదే. పెళ్ళి తరువాత భార్య భర్త సంఘంలో చేరడం సాధారణం. దీనివల్ల సమస్య తీరినట్లు కనిపించినా, సర్దుకొనే భారం సాధారణంగా ఆమెపైనే పడుతుంది. కథోలిక, లూథరన్, సి.ఎస్.ఐ. వివాహాలలో మంగళసూత్రం కట్టడం వాడుకలో ఉండగా, ఆభరణాలను నిషేధించే కొన్ని పెంతెకొస్తు సంఘాలు దానిని ఒప్పుకోవు. సిద్ధాంతంలో సర్దుకొన్న కుటుంబాలు కూడా ఈ ఒక్క విషయంపై తగవు పడడం కద్దు.

== చట్టం ==

క్రైస్తవుల వివాహాలకు 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం వర్తిస్తుంది. వధూవరులు ఏ శాఖవారన్నది ఈ చట్టానికి అవసరం లేదు గాని, జరిపించేవారి విషయంలో తేడా చూపుతుంది. బిషప్పుల చేత అభిషేకం పొందిన గురువులు తమ సంఘ నియమాల ప్రకారం వివాహం జరపవచ్చు. అటువంటి అభిషేకం లేని సంఘాల పాస్టర్లకు ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. సంఘాలతో నిమిత్తం లేకుండా 1954 ప్రత్యేక వివాహ చట్టం క్రింద కూడా పెళ్ళి చేసుకొనవచ్చు. 1869 విడాకుల చట్టాన్ని 2001లో సవరించి పరస్పర అంగీకారంపై విడాకులకు వీలు కల్పించారు. సంఘ న్యాయస్థానం వివాహం చెల్లదని ఇచ్చే తీర్పుకు పౌరచట్టంలో విలువ లేదని సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. అదే విధంగా కోర్టు విడాకులు మంజూరు చేసినా, కథోలిక సంఘం దృష్టిలో ఆ వివాహబంధం కొనసాగుతూనే ఉంటుంది.